నా ఫ్రిజ్‌లో మందు చెడదు

ఏప్రిల్ 5

నేను నోరు విప్పితే కేకలేస్తానని ఇంట్లో అంటారు. కాగితం మీద కేకలేస్తే ఎవరికీ వినపడదు కదా. ఫ్రిజ్‌లకి ఎక్కించే గ్యాసు సిలిండర్లు నా రిపేరు షాపుకి తెచ్చిచ్చే కంపెనీవాళ్లు ఏటా నాకొక డైరీ ఇచ్చిపోతారు. నాలుగో తరగతి దాటనివాడికి డైరీ ఎందుకని ఇన్నేళ్లూ కంప్రెసర్ల కింద ఎత్తుకి పెట్టుకున్నాను. ఈ ఏడాదిది బయటికి తీశాను.

ఈరోజు మిడత మందులు వచ్చాయి. మిడత అంటే నా కూతురు. చిన్నప్పుడు ఒకచోట కాలు నిలిచేది కాదు. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్లది. బస్టాండులో మైకు ముందు కదలకుండా కూర్చుని వచ్చే బస్సు, పోయే బస్సు చెబుతుంది. పేరు మాత్రం అదే మిగిలింది.

పిల్లల కోసం ఆసుపత్రి చుట్టూ తిరగడం ఇది రెండోసారి. లోపల గుడ్ల నిల్వ అడుగంటిందట. రోజూ పొట్టకి సూదులు వేసుకుంటే ఉన్నవాటిలో కొన్ని పెరుగుతాయట. వాటిని బయటికి తీసి అల్లుడి బీజంతో కలిపి మళ్లీ లోపల పెడతారు. మొదటిసారి తీసినవి నిలవలేదు.

సూదిమందు చల్లగా ఉంచాలి. అల్లుడు అట్టపెట్టె పట్టుకుని నా ఫ్రిజ్ ముందు నిలబడి నసిగాడు. "మామయ్యా, దీనికని చిన్న ఫ్రిజ్ కొత్తది తెచ్చుకుందామా? ఇది పాతది కదా..."

ఇది పాతదే. ఎవరో చెత్తలో పారేసిన శవాన్ని మోసుకొచ్చి నేను ప్రాణం పోశాను. మా ఆవిడ ఉన్నప్పటి నుంచీ ఆడుతోంది. ఊళ్లోవాళ్ల ఫ్రిజ్‌లన్నీ నా చేతిమీదుగా బాగుపడ్డాయి, నా ఇంట్లోది పనికిరాదా? "నా ఫ్రిజ్‌లో మందు చెడడమా! మొదటిసారి, ఇక్కడికి రాకముందు, మీ అద్దెయింట్లో కంపెనీ ఫ్రిజ్‌లోనే కదా పెట్టారు. ఏమైంది?" అని అడిగాను.

అనకూడని మాటే. అల్లుడు తల దించుకున్నాడు. కళ్లజోళ్ల షాపులో ఒకరి కళ్లలోకి చూసి బతికే మనిషి, నా కళ్లలోకి మాత్రం చూడడు.

మిడత పెట్టె లాక్కుని నా ఫ్రిజ్‌లో పెట్టేసింది. "నాన్న ఫ్రిజ్ చాలు. మీరిద్దరూ కొట్టుకుంటే ముందు నేను చెడిపోతాను."

ఏప్రిల్ 6

మొదటి సూది. తనకి తనే పొడుచుకుంది. నేను షాపులోకి వెళ్లి ఊరికే స్పానర్లు సర్దాను.

ఏప్రిల్ 8

ఎండ మండిపోతోంది. షాపు రేకు మీద చెయ్యి పెడితే కాలింది. ఇంట్లో ఫ్రిజ్ ఆగకుండా ఆడుతోంది. దానికీ ఆయాసమే. నాబ్ ఇంకొంచెం చలి వైపు తిప్పాను. చల్లదనం తక్కువై కుళ్లిన సరుకు నా జన్మలో బోలెడు చూశాను. చల్లదనం ఎక్కువై చెడింది ఒక్కటీ చూడలేదు.

నా షాపు బస్టాండు గోడకి ఆనుకునే ఉంటుంది. లౌడ్‌స్పీకర్‌లో మిడత గొంతు పొద్దస్తమానం వినపడుతుంది. జనం బస్సు సంగతి వింటారు. నేను దాని సంగతి వింటాను. ఆకలైతే మాట చివర కోసేస్తుంది. కోపమొస్తే ప్లాట్‌ఫాం నంబరు రెండుసార్లు చెబుతుంది. ఈరోజు బాగుంది. నవ్వుతూ చెప్పింది.

ఏప్రిల్ 10

అక్క వచ్చింది. నాకంటే ఆరేళ్లు పెద్దది, నోరు ఇంకా పెద్దది. మిడత డ్యూటీలో ఉందని తెలుసుకునే వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈసారీ కాకపోతే వేరే అమ్మాయి గుడ్డు పెడతారటగా? అప్పుడది అల్లుడి బిడ్డ అవుతుంది, మన పిల్లకేమవుతుంది?"

"ముందు నీకెవరు చెప్పారక్కా?"

"నాకు చెప్పేవాళ్లు నాకున్నారులే. నువ్వేమంటావో చెప్పు."

"మన రక్తం కానిది మన ఇంట్లో ఎందుకు?" అన్నాను. కాఫీ గ్లాసు కింద పెట్టి, "అదీ మాట" అని అక్క లేచింది. ఆవిడ మెచ్చుకుంటే నాకు భయమేస్తుంది. ఎప్పుడు మెచ్చుకుందో అప్పుడు నేనేదో తప్పు మాట్లాడి ఉంటాను.

అల్లుడు లోపలి గదిలో ఉన్నాడని ఆవిడ వెళ్లాక తెలిసింది.

ఏప్రిల్ 11

పొద్దున నీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తీశాను. మందుపెట్టె వెనక్కి జరిగి గోడకి అంటుకుపోయి ఉంది. లాగితే రాలేదు. గోడ మీద మంచు కట్టింది. గోరుతో గీకి తీశాను. అట్ట గట్టిపడింది. లోపల మందు నింపిన సూదిపెన్నులు రాళ్లలా ఉన్నాయి.

రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి మెత్తబడ్డాయి. వెలుతురుకి పట్టి చూశాను. నీళ్లలా తేటగా ఉంది. బాగానే ఉంది. తుడిచి, పెట్టెలో సర్ది, ముందు వరసలో పెట్టాను. నాబ్ వెనక్కి తిప్పాను.

సాయంత్రం మిడత అందులోంచే తీసి పొడుచుకుంది.

ఏప్రిల్ 12

మందు బాగానే ఉంది. రంగు మారలేదు. చెడితే రంగు మారాలి కదా.

ఏప్రిల్ 13

స్కానింగ్. ఒక్కటే పెరుగుతోందట. మొదటిసారి ఈ పాటికి మూడు కనిపించాయి. మందు మోతాదు పెంచారు. అదే పెట్టెలోంచి.

ఏప్రిల్ 14

బాగానే ఉంది.

ఏప్రిల్ 18

గుడ్డు తీశారు. మత్తు దిగక మిడత మంచం మీద ఏదో గొణుగుతోంది. దగ్గరికెళ్లి విన్నాను. "రెండో నంబరు ప్లాట్‌ఫాం... రెండో నంబరు ప్లాట్‌ఫాం..." నర్సమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఎవరి మీదో కోపం అని నాకు తెలుసు.

తీసింది పచ్చిదట. పనికి రాదట.

ఏప్రిల్ 19

షాపు తీయలేదు.

ఏప్రిల్ 22

ముగ్గురం డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. చిన్న గది. గోడ మీద నవ్వే పాపల ఫొటోలు. వాటికెదురుగా కుర్చీలు వేసినవాడికి బుద్ధి లేదు.

డాక్టరమ్మ మంచి మనిషి. గబగబా చెప్పదు. "ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి. ఇదే ఎక్కువ మోతాదుతో మళ్లీ ప్రయత్నించడం ఒకటి. మందు బాగా తగ్గించి, ఏ నెలకానెల ఒకటో రెండో వస్తే తీసి దాచుకుంటూ పోవడం రెండోది. దానికి ఓపిక కావాలి, నెలలు పడుతుంది. మూడోది, దాత ఇచ్చిన గుడ్డు. మోసేది, కనేది మీ అమ్మాయే."

అల్లుడు అడిగాడు. "మీరైతే ఏది చేయమంటారు?"

"చూడండి, లేని గుడ్లని ఏ మందూ పుట్టించలేదు. కాకపోతే మందుకి శరీరం కొంచెమైనా పలికి ఉంటే ఇంకోసారి మీ సొంత గుడ్లతోనే చూద్దామనేదాన్ని. ఇంత మందు పోసినా పలకలేదు. అందుకే మూడోది అంటున్నాను."

ఇంత మందు పోసినా పలకలేదు. ఆవిడ మామూలుగానే అంది. నా చెవిలో మాత్రం సలాక దిగింది. పలకనిది నా కూతురి శరీరమా, నా ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మందా? ఈ గదిలో ఆ సంగతి అడగాల్సినవాణ్ని నేనొక్కణ్నే.

"పెద్దాయనకి ఏమైనా సందేహాలున్నాయా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఈ ఫ్యాను బేరింగు పోయింది. చప్పుడు వస్తోంది" అన్నాను.

ఏప్రిల్ 23

నాబ్ మళ్లీ ఆ రోజు పెట్టినచోటికే తిప్పాను. మందు పెన్నంత సన్నటి గాజుబుడ్డి వెతికి, నీళ్లు పోసి, అట్టపెట్టెలో పెట్టి, వెనక గోడకి ఆనించాను. ఎండ కూడా ఆ రోజులాగే ఉంది.

ఏప్రిల్ 24

బుడ్డి పగిలింది. లోపల మంచుముక్క బుడ్డి ఆకారంలోనే నిలబడి ఉంది.

నీళ్లు వేరు, మందు వేరు.

ఏప్రిల్ 25

మందులషాపు కుర్రాణ్ని వేరే ఎవరి కోసమో అన్నట్టు అడిగాను. "గడ్డకడితే పారేయాలి తాతా. కరిగినా పనికి రాదు. చూడ్డానికి బాగానే ఉంటుంది" అన్నాడు.

చూడ్డానికి బాగానే ఉంటుందట.

ఏప్రిల్ 27

మిడత మూడో దారి ఖాయం చేసుకుంది. శుక్రవారం వెళ్లి ఒప్పుకున్నట్టు సంతకాలు పెట్టాలి.

సంతకం పడితే ఇంక దాని సొంత గుడ్డు మాట ముగిసినట్టే. అది నా నాబ్ వల్ల ముగియడానికి వీల్లేదు. చెప్పేద్దామనే కూర్చున్నాను. నోరు తెరిస్తే వేరే మాటలొచ్చాయి.

"ఇంకొక్కసారి మన గుడ్డుతోనే చూడవే."

"ఎందుకు నాన్నా?"

"ఎందుకేంటి? రేపు పుట్టేదానికి మీ అమ్మ నవ్వు రావద్దా? నా ముక్కు రావద్దా?"

బట్టలు మడతపెడుతున్నదల్లా ఆగిపోయింది. "నీ ముక్కు కోసం నన్ను ఇంకోసారి పొడుచుకోమంటావా? నా పొట్ట చూశావా ఎప్పుడైనా, నీలం మచ్చలు లేని చోటు ఎక్కడైనా ఉందేమో?"

"అది కాదే..."

"అత్త అన్నదే నువ్వూ అన్నావట. మన రక్తం కానిది మన ఇంట్లో ఎందుకని. ఆయన విన్నారు."

అన్నాను. కాదనలేదు. ఫ్రిజ్ సంగతి చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. అది నా వైపు చూసిన చూపుకి నా ముక్కు మీదే నాకు అసహ్యమేసింది. లేచి వచ్చేశాను.

ఏప్రిల్ 28

అల్లుడు అన్నం తింటూ తనలో తనే అన్నట్టు అన్నాడు. "మొదటిసారి మూడైనా పెరిగాయి. ఈసారి ఒక్కటే ఏమిటో. ఏదో తేడా జరిగింది." నేను మంచినీళ్లు తాగాను. మిడత కూడా తాగింది.

ఏప్రిల్ 29

చెప్పాలి.

ఏప్రిల్ 30

చెప్పాను.

బస్టాండులో దాని గదికి వెళ్లాను. మెట్లెక్కితే గాజు అద్దాల గది. ఒక బల్ల, ఒక మైకు, ఎర్రలైటు. ఎర్రలైటు వెలిగితే నోరు మూసుకోవాలి. దాని డ్యూటీ మొదలైన ఏడాదే ఆ సంగతి మర్చిపోయి, "ఏమే, తిన్నావా?" అని ఊరంతటినీ అడిగాను. ఇప్పటికీ డ్రైవర్లు నన్ను చూస్తే "తిన్నావా" అనే పలకరిస్తారు.

ఈరోజు ఎర్రలైటు చూసుకునే మొదలుపెట్టాను. "మందు గడ్డకట్టింది మిడతా. ఎండలని నాబ్ తిప్పాను..."

చెయ్యి అడ్డం పెట్టింది. లైటు వెలిగింది. "నాలుగో నంబరు ప్లాట్‌ఫాం మీదున్న బస్సు మరికొద్దిసేపట్లో బయలుదేరుతుంది." లైటు ఆరింది.

"పెట్టె వెనకగోడకి అంటుకుపోయింది. చేత్తో వెచ్చబెట్టాను. చెడిన మందు నీకు పొడిపించాను. డాక్టరమ్మ నీ ఒళ్లు పలకలేదంటోంది, నీ ఒళ్లు కాదే, నా..."

మళ్లీ చెయ్యి. "విచారణ గది దగ్గర నల్లగొడుగు మర్చిపోయినవారు వచ్చి గుర్తు చెప్పి తీసుకోగలరు." లైటు ఆరింది.

కేకలేస్తుందనుకున్నాను. ఆ బల్ల మీది గ్లాసు నా మీదికి విసిరినా బాగుండేది.

"నాకు తెలుసు నాన్నా."

నేను బల్ల పట్టుకున్నాను.

"అట్ట ముడతలు పడింది. అంచులు ఉబ్బాయి. నీ షాపులో పెరిగినదాన్ని, గడ్డకట్టి కరిగిన అట్ట ఎలా ఉంటుందో నాకు తెలీదా? ఆ సాయంత్రం పెట్టె చేతిలోకి తీసుకోగానే తెలిసింది."

"తెలిసీ పొడుచుకున్నావా?"

"పొడుచుకున్నాను."

"ఎందుకే? ఒక్క మాట అంటే కొత్త మందు తెచ్చేవాళ్లం కదే!"

"అందుకే అనలేదు." ఎదురుగా అద్దంలోంచి బస్సుల వైపు చూస్తూ చెప్పింది. "కొత్త మందు తెస్తారు. కాకపోతే ఇంకోసారి అంటారు. అదీ కాకపోతే తగ్గించి చూద్దామంటారు, నెలకొకటి, నెలకొకటి. ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలే ఉంటుంది నాన్నా. నాకు ఓపిక లేదు. చాలు అనే మాట నేనంటే అందరూ బతిమాలతారు. డాక్టరమ్మ అంటే ఊరుకుంటారు. ఆవిడ అనేదాకా కూర్చున్నాను."

"నీ సొంత బిడ్డ..."

"నేను మోస్తే నా బిడ్డ కాదా?"

ఆ ప్రశ్నకి నేను అక్క దగ్గర ఏం చెప్పానో దానికి తెలుసు.

"మొదటిసారి మూడూ పోయినప్పుడే నాలో అయిపోయింది. ఆయనే, ఇంకోసారి, ఇంకోసారి అంటే సరేనన్నాను. ఆయన ముఖం చూసి కాదనలేకపోయాను. ఆ రోజు ఆ అట్ట చూడగానే ఏమనిపించిందో తెలుసా? ఏడుపు రాలేదు. బరువు దిగింది."

దాని బరువు దింపింది నా చేతకానితనమట. ఇది విని సంతోషించాలో చావాలో తెలియలేదు.

"ఆయనకి చెప్పకు నాన్నా. చెబితే మళ్లీ మొదలు."

"అబద్ధం ఆడమంటావా? అతనికీ బిడ్డే కదే. తెలుసుకోవద్దా?"

"ఒకరోజు నేనే చెబుతాను. బిడ్డ పుట్టాక. ఇప్పుడు చెబితే ఆగలేను, ఆయన ఆగనివ్వరు." నా వైపు తిరిగింది. "నాకెప్పుడైనా ఏదైనా బాగుచేసిపెట్టమని అడిగానా నిన్ను? ఇది ఒక్కటి బాగుచేయకు. వదిలెయ్."

లైటు వెలిగింది. అది బస్సు పిలిచింది. గొంతు వణకలేదు. మాట చివర కోయలేదు. నంబరు ఒక్కసారే చెప్పింది. ఆ గొంతు నాకు తెలుసని ఇన్నేళ్లూ అనుకున్నాను.

మెట్లు దిగుతుంటే ఎవడో డ్రైవరు "తిన్నావా పెద్దాయనా" అన్నాడు. తిన్నానన్నాను.

మే 1

ఒకడు ఫ్రిజ్ తెచ్చాడు. చల్లబడట్లేదట. తెరిచి చూసి, నాకు చేతకాదు, వేరేచోటికి పట్టుకెళ్లు అన్నాను. నేను నవ్వులాటకి అంటున్నాననుకుని వాడు కాసేపు అక్కడే నిలబడ్డాడు.

మే 2, శుక్రవారం

రాయకుండా పడుకుందామనుకున్నాను.

పొద్దున బయలుదేరే ముందు అల్లుడు వంటగదిలోకి వచ్చాడు. మిడత చెప్పులు తొడుక్కుంటోంది, గుమ్మం దగ్గర వంగి. అతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెళ్లిచూపులకి వచ్చినప్పుడు ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"మామయ్యా, ఒక్క మాట. మీరు కోప్పడకండి."

"చెప్పు బాబూ."

"రెండు రాత్రుల నుంచీ ఇదే ఆలోచన. మొదటిసారికీ ఈసారికీ అంత తేడా ఎందుకొచ్చింది? మందు ఏమైనా... అంటే, ఈ ఎండలకి ఫ్రిజ్‌లో ఏమైనా చెడిందేమో. అలా జరిగి ఉంటే ఈ సంతకాలు ఆపి ఇంకోసారి చూడొచ్చు. మీకు తెలుస్తుంది కదా. మీరు కాదంటే నాకు మనసు కుదుటపడుతుంది."

ఇన్నాళ్లలో మొదటిసారి సూటిగా నా కళ్లలోకి చూశాడు. మంచి కళ్లు. నేనెప్పుడూ చూడలేదు.

గుమ్మం దగ్గర మిడత చెప్పు పట్టీ పట్టుకుని అలాగే ఉంది. తల ఎత్తలేదు. నేను రెండు ముక్కలు చెబితే చాలు. ఇతని బిడ్డ విషయం ఇతను తెలుసుకుంటాడు. న్యాయం అదే. ఆ రెండు ముక్కలు చెబితే ఆ వంగినది మళ్లీ లేచి, మళ్లీ సూదిపెట్టె తెచ్చుకుని, మళ్లీ పొడుచుకుంటుంది. అతన్ని కాదనడం దానికి చేతకాదు కాబట్టి. ఎవరి వైపు నిలబడినా ఇంకొకరిని ముంచుతాను. నా వెనక ఫ్రిజ్ ఆడుతోంది. ఒక్క వంక లేకుండా, హాయిగా ఆడుతోంది.

ఎంత పెద్ద గొంతు ఉందో అంత పెట్టి అరిచాను. "నా ఫ్రిజ్‌లో మందు చెడడమా! ఎవరితో మాట్లాడుతున్నావు? ఊళ్లో సగం ఫ్రిజ్‌లు ఈ చేతులమీద బతుకుతున్నాయి. కళ్లజోళ్లు అమ్ముకునేవాడివి, నాకు చలి సంగతి చెబుతావా!"

గిన్నెలు కదిలాయేమో అనిపించింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది.

అతని ముఖం ఎర్రబడింది. తర్వాత మెల్లగా ఆ ముఖంలో ఏదో సర్దుకుంది. నమ్మాడు. నేనెప్పుడూ ఇలాగే అరుస్తాను కాబట్టి నమ్మాడు. నిమ్మళంగా చెప్పి ఉంటే నమ్మేవాడు కాదు.

మిడత చెప్పు పట్టీ పెట్టుకుని లేచింది. నా వైపు చూడకుండానే బయటికి నడిచింది.

అల్లుడు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. వంగి నా కాలు ముట్టుకున్నాడు.

"తప్పుగా అన్నాను మామయ్యా. క్షమించండి."

క్షమించాను అన్నాను.